గెట్టు మీది తంగేడు మీకేం అడ్డమొచ్చింది?

పోస్టు జర పొడుగున్నది. ఇప్పుడు పనిలుంటే మాపటికి తిన్నంక చదువుకోండి, తొందరేం లేదు.

మొన్న ఒక తమ్ముడు ఫోన్ చేసిండు. "అన్నా, ఊర్లెకు జేసీబీ వచ్చింది. నా రెండెకరాల చెలక చుట్టూ తంగేడు పొదలు బాగ పెరిగినయి. ఒక్క గంట కొట్టిస్తే సాఫ్ అయితది, రెండు సాళ్లు ఎక్కువ పడతయి. కొట్టియ్యనా?" అని అడిగిండు. వద్దన్న. ఎందుకన్నడు. ఫోన్ల చెప్తే ఒడవదు తమ్మీ, రాస్త చూడు అన్న. అదే ఇది. నీ ఒక్కనికే కాదు, ఈ ఎండాకాలం గెట్లు సాఫ్ చేసుకుందామని చూస్తున్నోళ్లందరికీ.

ముందు నా తప్పు చెప్పుకుంట. చెప్పకపోతే మా ఊరోళ్లే కింద కామెంట్ల పెడతరు.

మా బాపు ఉన్నన్ని రోజులు మా పై చెలక గెట్టు మీద ఎవ్వరినీ చెయ్యి వెయ్యనియ్యలేదు. నిండా తంగేడు, నడుమ నడుమ రేగు, పరికి. నాకు అదంతా వేస్టు జాగ లెక్క కనిపించేది. బాపు పోయినంక రెండో ఏడు జేసీబీ పెట్టి మొత్తం తీయించిన. చెలక అద్దం లెక్క కనిపించింది, ఫోటో తీసి స్టేటస్ కూడా పెట్టిన. పత్తి రెండు సాళ్లు ఎక్కువ పడ్డది. ఆ రెండు సాళ్ల మీద ఏరింది లెక్క చూస్తే జేసీబీ కిరాయికి కూడా సరిపోలే. సరే, ఒక్క ఏడాదికి ఏమైతది, ముందు ముందు వస్తది అనుకున్న.

వచ్చే ఏడు వానకాలం మూడు రోజులు ముసురు పట్టింది. నేల బాగ నానింది. నాలుగో రోజు రాత్రి ఒక్కటే దంచుడు. పొద్దుగాల పోయి చూస్తే గెట్టు రెండు జాగల తెగింది. నా చెలక ఎర్రమట్టి పైపొర అంతా కిందున్న మా కాక చేన్లెకు పోయింది. ఆయన అప్పుడే మిరప నారు నాటిండు. నారు మీద జానెడు మట్టి. ఆయన నోరు మంచిదే గానీ ఆ రోజు మాత్రం వాడకట్టంతా ఇనేటట్టు అరిచిండు. "గెట్టుకున్న తంగేడు తీసి పారేసినవు, ఇప్పుడు నా నారు ఎవడిస్తడు?" అని. తప్పు నాది, తల దించుకొని ఇన్న. నారు కొనిచ్చిన, ట్రాక్టర్ పెట్టి గెట్టు పోయించిన. పోసిన మట్టి పచ్చి మట్టి, పట్టుకునే వేరు లేదు. మరుసటేడు మల్ల తెగింది.

ఇంకో ముచ్చట. గెట్టు పోయంగనే అసలు హద్దు ఏడున్నదో ఇద్దరికీ తెలవకుంట పోయింది. సర్వే గొలుసు వచ్చి కొలిచే దాకా మనకు హద్దు చెప్పేది గెట్టు మీది చెట్టే. ఈ తంగేడు దుబ్బ నుంచి ఆ రేగు చెట్టు దాకా అని మా తాతలు చెప్పుకున్న హద్దు. నేను సాక్షినే పీకి పారేసిన. కాక మంచోడు కాబట్టి నాలుగు మాటలతోని ఒడిసింది. పాలోళ్ల నడుమ గెట్టు పంచాయితీలు ఏడి దాకా పోతయో మీకు నేను చెప్పాల్నా?

తంగేడు వేరు లోతుకు పోతది. ఎండాకాలం చెలకంతా ఎండి బూడిదయినా అది పచ్చగ ఎందుకుంటది అంటే అందుకే. రాళ్ల నేల, మొరం నేల, ఎర్ర చెలక, రోడ్డు పక్క, ఏడైనా బతుకుతది. నీళ్లు అడగదు, మందు అడగదు. పసులు దాని ఆకు ముట్టవు, గొర్లు మేకలు కూడా వేరే మేత ఉన్నంక దాని జోలికి పోవు. కంచె లేకుంట బతికే పొద మనకు ఇంకెన్ని ఉన్నయి చెప్పండి. కానుగ మంచిదే, గ్లిరిసీడియా మంచిదే. కానీ అవి మనం తెచ్చి నాటి, రెండేండ్లు కాపాడాలె. తంగేడు ఇక్కడిదే, మనం పుట్టకముందు నుంచే గెట్టు మీద ఉన్నది. దాన్ని తీయకుంట ఉంటే చాలు.

ఇగ ఆకు సంగతి. మా బాపు వాళ్ల కాలంల కరిగెట చేసేటప్పుడు తంగేడు మండలు, జిల్లేడు, వేప, కానుగ ఆకు కొట్టుకొచ్చి మడిల ఏసి తొక్కేటోళ్లు. నేను చిన్నప్పుడు ఆ మండలు మోసినోన్నే, మెడ మీద గీరుకుపోయేది. చౌడు మడికైతే తంగేడాకు తప్పకుంట పడేది. ఇప్పుడు జీలుగ విత్తనం కోసం లైన్ల నిలబడుతున్నం. జీలుగ మంచిదే, కాదనను. కానీ గెట్టు మీద పైసా లేకుంట పెరిగే ఆకును మర్చిపోయి లైన్ల నిలబడుడు ఎందుకు?

ఇక్కడ ఒక మాట ఖరాఖండిగ చెప్పాలె. వాట్సాప్‌ల తంగేడు గురించి తిరిగే మెసేజులల్ల "తంగేడు పప్పుజాతి మొక్క, గాలిల నత్రజనిని భూమిల పెడతది" అని రాస్తున్నరు. పప్పుజాతిదే, కాయ చూస్తేనే తెలుస్తది. కానీ జీలుగకు, జనుముకు, కందికి వేర్ల మీద బుడిపెలు వస్తయి గదా, ఆ బుడిపెలు తంగేడుకు రావు. పీకి చూసుకోండి. కాబట్టి అది గాలి నుంచి నత్రజని తెచ్చి పెట్టదు. తన లోతు వేరుతోని గుంజుకున్నది ఆకుల దాచుకుంటది, ఆ ఆకు మనం మడిల ఏస్తే మడికి వస్తది. అంతే. అది కూడా తక్కువేం కాదు, కానీ లేని గుణం అంటగడితే రేపు ఎవడో ఒకడు నమ్మి యూరియా మొత్తం బంద్ చేసి నష్టపోయి, తంగేడునే తిడతడు.

మీకు ఎక్కువ పనికొచ్చేది తుమ్మెద ముచ్చట. నాకు ఇది తెలిసి ఎక్కువ రోజులు కాలే, తెలిసినంక మాత్రం పొద్దుగాల చాయ తాగుకుంట గెట్టు కాడ నిలబడి చూస్తున్న. తంగేడు పువ్వుల తేనె ఉండదు. ఉండేదంతా పుప్పొడి. అది కూడా ఊరికే రాలదు. పువ్వు నడుమ కేసరాలు ఉంటయి గదా, వాటి కొసకు సన్న బొర్రె ఉంటది, ఉప్పు డబ్బా మూత తీరు. పెద్ద నల్ల తుమ్మెద వచ్చి దాన్ని పట్టుకొని ఒళ్లంతా అదిరిస్తది. జుమ్మని ఒక సప్పుడు, ఎగిరేటప్పటి సప్పుడు కాదు, వేరే ఉంటది, చెవి పెట్టి ఇనండి. ఆ అదురుకు పుప్పొడి బయటికి పడతది.

వంకాయ పువ్వు, టమాట పువ్వు కూడా గట్లనే ఉంటయి. వాటి పుప్పొడి కూడా అదిరిస్తేనే మంచిగ రాలుతది. తేనెటీగకు ఆ పని రాదు. గాలికి కొంత రాలుతది గానీ తుమ్మెద వచ్చి అదిరిస్తే కాత పడేది వేరు. కంది పూత మీద కూడా ఈ తుమ్మెదలు తిరుగుతయి. ఇప్పుడు ఆలోచించండి. మీ వంగ తోట పూసేది కొన్ని నెలలు. మిగతా రోజులు తుమ్మెద ఏం తిని బతకాలె? తంగేడు ఎక్కువ పూసేది వానకాలం చివర నుంచి చలికాలం దాకా అయినా, ఏ నెలల చూసినా ఏదో ఒక పొద మీద నాలుగు పువ్వులు ఉంటనే ఉంటయి. గెట్టు మీద తంగేడు, పక్కన తుమ్మెద బొర్రె చేసుకోనీకి ఒక ఎండు కట్టెనో పాత బొంగో ఉంటే అది మీ చేను ఇడిసి పోదు. వంకాయ పూత రాలుతుందని హార్మోన్ మందు కొట్టే అన్నలు ముందు ఈ లెక్క చూసుకోండి.

"తంగేడు మీద పురుగులుంటయి, పత్తికి అంటుకుంటయి" అని ఒక పెద్దమనిషి నాతో వాదించిండు. ఉండే మాట నిజమే. లేత ఆకు మీద ఆకుపచ్చ పురుగు కనిపిస్తది, ఆకు తింటది. అది తెల్లటి, లేత పసుపు సీతాకోకచిలుకల పిల్ల. దానికి తంగేడు జాతి ఆకే కావాలె, పత్తి ముట్టదు. ఆ పురుగును తినే పిట్టలు మీ గెట్టుకు వస్తయి, వచ్చిన పిట్ట పత్తి మీది పురుగును మాత్రం వదిలిపెడతదా? ఆయన ఒప్పుకోలే. ఒప్పుకోకపోయినా ఫర్వాలేదు, పోయి చూడమన్న.

పాముల భయం అంటే మాత్రం నేను కాదనను. గుబురు పొద కింద పాము ఉంటది, ఎండాకాలం సల్లదనానికి పండుకుంటది. మా అవ్వను అట్లనే గడ్డి కోసేటప్పుడు పాము కరిసి చావు తప్పింది. అందుకే పొదను ఇష్టమొచ్చినట్టు వదలొద్దు. ఏడాదికోసారి కాయలు రాలినంక మోకాలు ఎత్తుకు కొట్టెయ్యండి. కింది కొమ్మలు తీసెయ్యండి, అడుగు కనిపించాలె. కొట్టిన కొద్దీ మొదలు నుంచి కొత్త చిగుర్లు పెడతది, చావదు. కొట్టిన మండ మడిలకో, పెంటకుప్పకో, చెట్ల పాదులకో పోతది. చేన్ల మొదటి సాలుకు, పొదకు నడుమ రెండు మూర్ల జాగ ఇడవండి. ట్రాక్టర్ తిరిగే మూలల మీద అవసరం లేదు, అక్కడ తీసుకోండి. నేను ఎక్కడా తీయొద్దని అంటలేను. మొత్తం గోకి పారెయ్యొద్దంటున్న. గడ్డిమందు అసలే కొట్టొద్దు. జేసీబీ తీసిన జాగల ఏదో ఒక వేరు మిగిలి చిగురు పెడతది, మందు కొడితే ఆ ఆశ కూడా ఉండదు.

ఈ పొద చెక్క గురించి కూడా చెప్పాలె, ఎందుకంటే మన ఎవుసం దాని మీదనే నడిచింది. తంగేడు చెక్కల తోలును ఊనే సత్తువ ఉంటది, ఎండు చెక్కల పదిహేను నుంచి ఇరవై పాళ్ల దాకా ఆ వగరు పదార్థమే. ఊర్లల్ల మాదిగ పెద్దలు లందల తంగేడు చెక్క ఏసి తోలు ఊనేటోళ్లు. ఆ తోలుతోనే మోట బొక్కెన, వార్లు, చెప్పులు, డప్పు. కరెంటు మోటర్లు రాకముందు బాయి నీళ్లు మన పొలానికి ఎక్కింది ఆ మోట బొక్కెనతోనే. అంటే తాతల కాలం వరి గింజల ఈ చెక్క వగరు కూడా ఉన్నది, ఆ లంద కాడ వాసనల నిలబడి పని చేసినోళ్ల చెమట కూడా ఉన్నది. వాళ్లను ఊరి బయట పెట్టి, వాళ్ల పనిని మాత్రం ఇంట్లె పెట్టుకున్నం. మనం గొప్పగ చెప్పుకునే పాత ఎవుసంల ఈ ముక్క కూడా చెప్పుకోవాలె.

అప్పట్ల మద్రాసు నుంచి ఇంగ్లండుకు పోయిన తోలు కూడా ఎక్కువ ఈ చెక్కతోనే ఊనింది. తమిళం వాళ్లు దీన్ని ఆవారం అంటరు. 20వ శతాబ్దంల దక్షిణాఫ్రికా నుంచి వాటిల్ అనే చెట్టు చెక్క ఓడల మీద వచ్చుడు మొదలైంది. ఆ వాటిల్ కూడా అసలు ఆస్ట్రేలియా చెట్టు, తీసుకపోయి ఆఫ్రికాల తోటలు ఏసిండ్రు. దాని ఎనక క్రోమ్ మందులు వచ్చినయి. తంగేడు చెక్క అడిగేటోడు లేకుంట పోయిండు. చెక్కకు బేరం పోయిన నాటి నుంచే అది మన కండ్లకు పిచ్చి మొక్క అయ్యిందని నా అనుమానం.

2014ల రాష్ట్రం వచ్చినంక తంగేడును రాష్ట్ర పుష్పం అన్నరు. జమ్మి చెట్టు, పాలపిట్ట, జింక, తంగేడు పువ్వు. బడి పుస్తకాలల్ల బొమ్మ వచ్చింది. గెట్టు మీద మాత్రం తగ్గుకుంటనే వచ్చింది. ఎవరో తీసేసిండ్రని అందామంటే, తీసింది మనమే. కొంత ప్లాట్ల కింద పోయింది, అది వేరే ముచ్చట, దాని మీద ఇంకోసారి రాస్త.

నేను గెట్టు తీయించిన ఏడాది బతుకమ్మకు నా బిడ్డ గుల్ల పట్టుకొని తంగేడు పువ్వు కోసం పోయింది. ఎప్పటి తీరుగ పై చెలకకు పోయింది, గెట్టు కాడ ఏం లేదు. వాడకట్టు పిల్లలందరూ అప్పటి దాకా మా గెట్టు మీదనే తెంపుకునేటోళ్లు, ఆ సంగతి నాకు అప్పుడే తెలిసింది. గునుగు దొరికింది గానీ తంగేడు దొరకలే. సద్దుల బతుకమ్మ నాడు టౌనుకు పోయి చిన్న కట్ట యాభై రూపాయలకు కొనుక్కొచ్చిన, వాడిపోయి ఉన్నది. నా ఇంటామె ఏం అనలే. పువ్వు పేర్సుకుంట ఒక్క మాట అన్నది, "మామ ఉంటే ఈ కట్ట మనం కొనకపోదుము" అని. నాకు గెట్టు తెగిన నాటి కంటే ఆ మాటకే ఎక్కువ నొప్పైంది.

మరుసటేడు నర్సరీకి పోయి తంగేడు మొక్కలు అడిగిన. ఇచ్చిండ్రు, నలభై మొక్కలు. నాటి నీళ్లు పోసినం. రెండేండ్లకు నిలువెత్తు దాటి చెట్లయి కూసున్నయి. అది సీమ తంగేడు! పువ్వు పసుపే, జాతి దగ్గరిదే, కానీ అది పెద్ద చెట్టు, బయటి దేశం నుంచి వచ్చింది. గెట్టు మీద నీడ కొట్టి చేను పాడుచేస్తది. మల్ల కొట్టేసుడే. మీరు మోసపోకుంట ఒక గుర్తు చెప్త. అసలు తంగేడు ఆకు కాడ మొదట్ల, కొమ్మకు అంటుకున్న కాడ, చెవి తీరుగ రెండు వెడల్పు రేకులు ఉంటయి. ఆ చెవులు ఉంటే తంగేడు, లేకుంటే కాదు. కసివిందను, తగిరిసను చూసి కూడా తంగేడు అనుకునేటోళ్లు ఉన్నరు, వాటికీ పసుపు పువ్వే. కసివింద గింజలు తింటే పసిపిల్లల ప్రాణాలకే ముప్పు, ఉత్తరప్రదేశ్ దిక్కు అట్ల పిల్లలు చనిపోయిండ్రు కూడా. గుర్తుపట్టకుంట ఏదీ నోట్లె పెట్టొద్దు.

నోట్లె పెట్టుడు అంటే గుర్తొచ్చింది. తంగేడు పువ్వు పొడి, తంగేడు చాయ్‌పత్తా అని ఆన్‌లైన్ల షుగర్ మందు పేరు మీద అమ్ముతున్నరు. తమిళనాడు దిక్కు పువ్వును పప్పుల, కూరల ఏసుకొని తింటరు, ఎండబెట్టి మరిగించి తాగుతరు, మనం కూడా తాగొచ్చు. కానీ షుగర్ తగ్గిందని చెప్పేది ఎక్కువ ఎలుకల మీద చేసిన పరీక్షలు చూసి. దీన్ని నమ్ముకొని గోలీలు బంద్ చేయకండి. మా ఊర్లె ఒకాయన బంద్ చేసి కాలు పుండు దాకా తెచ్చుకున్నడు. పువ్వును నేను ఇంత మెచ్చుకుంటున్నా ఈ మాట మాత్రం చెప్పకుంట ఉండలేను.

ఇగ పెంచే తరీఖ. ఇది రెండుసార్లు తప్పు చేసి నేర్చుకున్నది. చలికాలం పోయేటప్పటికి కాయలు గోధుమ రంగుకు తిరిగి కాయితం లెక్క పలచగ ఎండుతయి, ఊపితే గలగల అంటయి. అప్పుడు తెంపి గింజ తీయండి. గింజ తొక్క శానా గట్టిది. నేను మొదలు ఊరికే చల్లిన, వానలన్నీ పోయినా అక్కడొకటి ఇక్కడొకటి తప్ప మొలవలే. తర్వాత నీళ్లు మరగబెట్టి, పొయ్యి మీద నుంచి దించినంక గింజలేసి, రాత్రంతా అందులనే సల్లారనిచ్చిన. పొద్దుగాలకు ఉబ్బినయి చూడు, అవి మొలిచినయి. ఉబ్బనివాటికి మల్ల ఒకసారి గట్లనే చెయ్యాలె. పొయ్యి మీద గింజలు ఉడకబెట్టొద్దు, చస్తయి.

మృగశిర పడి రెండు మంచి వానలు పడ్డంక గెట్టు మీద మూరకొక గుంత చేసి మూడు నాలుగు గింజలు పెట్టండి, అంగుళం కంటే లోతు వద్దు. తెగే జాగల దగ్గర దగ్గర పెట్టండి. కవర్లల్ల పెంచి నాటినా మంచిదే గానీ నేరుగా పెట్టినదాని వేరు సీదా కిందికి పోతది, నాకు అదే నచ్చింది. మొదటి ఏడు గడ్డిల కలిసిపోయి కనిపించదు, కూలోళ్లకు చెప్పి పెట్టండి, లేకుంటే కొడవలికి పోతది. రెండో ఏడు పువ్వు చూస్తరు. చెక్క తీసే ఆలోచన ఉంటే రెండు మూడేండ్లు ఆగాలె, గానీ ఇప్పుడు కొనేటోడు లేడు కాబట్టి దాని జోలి వద్దు.

తమ్మీ, నీ చెలక గెట్టు మీద ఉన్నయన్నీ మీ తాతల నాటి దుబ్బలు. ఆ వేరు మల్ల తయారు కావాలంటే నీకు ఎన్నేండ్లు పడతదో నా గెట్టు చూసి చెప్పు. నేను గింజ పెట్టి మూడేండ్లు అయింది. పువ్వు వచ్చింది, మా వాడకట్టు పిల్లలు పోయినేడు మల్ల తెంపుకున్నరు. తెగిన ఒక జాగ ఆగింది. రెండో జాగ ఇంకా ఆగలే, మొన్నటి వానకు మల్ల జారింది. కాకకు చెప్పిన, ఈ ఏడు ఇద్దరం కలిసి దానికి రాళ్లు పేర్చి నడుమల గింజలు పెడదామని అన్నడు.

జేసీబీకి ఇచ్చే పైసలతోని ఒక కూలి మనిషిని పెట్టి మోకాలు ఎత్తుకు కొట్టించు, మండ మడిల ఏసుకో. మీలో గెట్టు ఖాళీగ ఉన్నోళ్లకు గింజలు కావాలంటే నా దగ్గర సంచెడు ఉన్నయి. పైసలొద్దు. మా దిక్కు వచ్చినప్పుడు ఒక పాత డబ్బా తెచ్చుకోండి.